పాటల గదికి ఆఖరి పూత

సువార్తా,

రికార్డింగుకని కట్టుకున్న మన పాటల గదిలో, గోడలకు బిగించిన చెక్కలకు ఈ రోజు ఆఖరి పూత అయిపోయింది.

నువ్వుండగా వేసిన మొదటి పూత తడి ఆరకముందే గాలి దుమ్మంతా తెచ్చి దాని మీద పోసింది. అందుకే ఈసారి వార్నిష్ పనికొచ్చిన మస్తాన్ గుమ్మానికి తడి చీరలు కట్టమన్నాడు. ఇంట్లో ఉన్నవి నీ చీరలే. అవే తడిపి కట్టాను. "ఇంగ దుమ్ము రాదులేన్నా," అన్నాడు. రాలేదు.

ఆ రోజు మైకు ముందుకు రమ్మంటే, "వార్నిష్ వాసనకు గొంతు పట్టుకుంటాది. అది పోయినాక పాడతా," అన్నావు. చర్చిలో పాడుతుంటే ఫోనులో కూడా రికార్డు చేయనివ్వలేదు. మన గదిలోనే మొదటి పాట అన్నావు. వాసన పోకముందే నువ్వు పోయావు. నీ గొంతు ఎక్కడా లేదు.

సాయంత్రం మస్తాన్ బయట నిలబడి, "లోపలికి పోయి గట్టిగా ఒక పేరు పిలువన్నా. ఈడికి వినపడతాదేమో చూస్తా," అన్నాడు. తలుపు మూసుకుని నీ పేరే పిలిచాను. ఉత్త గోడలున్నప్పుడు ఈ గది నీ పేరును తిరిగి పలికేది. ఇప్పుడు పలకలేదు. గొంతు పగిలేలా మళ్ళీ పిలిచాను.

తలుపు తీశాను. మస్తాన్ ఇంకా చెవి ఒగ్గి నిలబడి ఉన్నాడు.

"ఏమన్నా, పిలవనే లేదే?"