షర్టుకు దీర్ఘం

బావమరిదికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వు ఊరికే ఇచ్చిన పాత కారుకి వంకలు పెడుతున్నానంటావని. కానీ నిన్న జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

బ్రేకు తొక్కితే హారను మోగుతోందయ్యా! మెల్లగా తొక్కినా గావుకేకే. నిన్న మలుపులో ఒక పెద్దావిడ రోడ్డు దాటుతోంది. మర్యాదగా కారు ఆపాను. ఆపగానే అది ఆవిడ మీద అరిచింది. "ఆపి మరీ తిడతావా?" అని ఆవిడ చేతిసంచితో బానెట్ మీద ఒక్కటిచ్చింది. క్షమించమని చేతులు జోడించాను గానీ, కాలు బ్రేకు మీదే ఉంది. దండం పెట్టినంతసేపూ కారు తిడుతూనే ఉంది.

మీ అక్క అక్కడే దిగిపోయింది. "దీని నోరు మూయించేదాకా నేనెక్కను" అంది. ఆవిడ పక్కన లేకుండా నేను ఎక్కడికీ తిన్నగా చేరిన పాపాన పోలేదు. ఓసారి పళ్ళ డాక్టరు దగ్గరికని బయల్దేరి కళ్ళ డాక్టరు ముందు కూర్చున్నాను. ఆయన కళ్ళు బాగున్నాయన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ సీట్లో కూర్చోవాలి, ఏదో ఒక దారి చెప్పు.

మీ బావ

తా.క.: హారను కావలసి వచ్చినప్పుడు కూడా బ్రేకే తొక్కుతున్నాను. అలవాటైపోయింది.

*

బావగారికి నమస్కారాలు.

ఆఫీసుకి పరిగెడుతూ రాస్తున్నాను. నా దగ్గరున్నన్నాళ్ళూ ఆ కారు నోరెత్తి ఎరగదు. ఇది ఖాయంగా షర్టు. పాత కార్లలో మామూలే. అక్క కూర్చునే వైపు డాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె ఉంటుంది. అక్కడ వెతకండి, తప్పకుండా దొరుకుతుంది. ముందు బ్యాటరీ వైరు ఊడదీయండి.

మీ బావమరిది

తా.క.: దొరగ్గానే రాయండి. ఇక్కడ ఇంటిల్లిపాదీ ఆత్రంగా ఉన్నాం.

*

బావమరిదికి,

షర్టు దొరికింది!

కారుకి షర్టేమిటని ముందు నవ్వుకున్నాను. అయినా నువ్వు చదువుకున్నవాడివి కదా అని వెల్లకిలా పడుకుని, తల లోపలికి దూర్చి, చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. పిల్లి అనుకుని కెవ్వుమన్నాను. లాగితే చొక్కా! నూనె, దుమ్ము పట్టి తారులా ఉంది. గుండీలన్నీ ఇనుపవి. లావుపాటి మగాడిది. నువ్వేమో పుల్లలా ఉంటావు. ఎవరిదయ్యా ఇది? అక్కడుందని నీకెలా తెలుసు?

మీ అక్కకి చూపిస్తే మొహం పాలిపోయింది. "పారెయ్యండి, ఉతక్కండి" అని మాత్రం అంది. తమ్ముడి పరువు కోసం పాపం.

మీ బావ

తా.క.: కవర్లు అయిపోయాయి, అందుకని కార్డు మీద రాస్తున్నాను. ఎవరికంటా పడనివ్వకు.

*

బావగారూ,

మీ కార్డు పక్కింటావిడ చదివి మా ఆవిడకి అందించింది. నేను రాసింది షార్టు! కరెంటు షార్టు! తొందరలో దీర్ఘం పడలేదు. ఆ చొక్కా ఎవరిదో నాకు తెలిస్తే ఒట్టు.

మా ఆవిడ వినదే! "మా అన్నయ్య ఒక్కపూట అడిగితే ఇవ్వని కారు, ఏ లావుపాటాయనకిచ్చారు? ఆయన చొక్కా విప్పి పడుకునేంత చనువేమిటి?" అంటోంది. దీర్ఘం సంగతి చెబితే, అంతకన్నా దీర్ఘంగా ఏడ్చింది. ఎవరిదో తేల్చండి బావగారూ, మీకు పుణ్యముంటుంది. హాల్లో పడుకుంటున్నాను.

మీ బావమరిది

తా.క.: ఇంతకీ హారను ఆగిందా?

*

బావమరిదికి,

ఆగింది. చొక్కా లాగేశాక మళ్ళీ మోగలేదు. మొన్న గోతిలో దిగినప్పుడు జారి, దాని ఇనుప గుండీ ఫ్యూజుల మీద అడ్డంగా పడి, బ్రేకునీ హారన్నీ కలిపేసింది. అంటే నీ షార్టు ఆ షర్టే. దీర్ఘం గురించి బెంగపెట్టుకోకు.

నీ కాపురం కోసం చొక్కా నేనే ఉతికాను. మీ అక్క సబ్బు దాచేసింది. గడ్డం గీసుకునే సబ్బుతో ఉతికాను. రెండోసారి జాడించేసరికి రంగు బయటపడింది. చిలకాకుపచ్చ! బకెట్టు తన్నుకుని కూలబడ్డాను. అది నాదేనయ్యా! నీ కొత్త ఇంటికి భోజనానికి నువ్వే ఆ కారులో మమ్మల్ని తీసుకెళ్ళావు చూడు, అక్కడికెళ్ళాక వేసుకుందామనుకున్న చొక్కా. మీ అక్క ముందు సీట్లో, బట్టల సంచి ఆవిడ ఒళ్ళో. నేను వెనకాల కూర్చుని నీకేదో కథ చెబుతున్నాను. తీరా చూస్తే సంచిలో చొక్కా లేదు. లాండ్రీవాడు తిరిగివ్వలేదంది. అప్పట్నుంచీ ఆ లాండ్రీవాడితో నాకు మాటల్లేవు.

నిలదీశాను. "అవును, నేనే కుక్కాను. తమ్ముడింట్లో అంతమంది ముందు అది తొడుక్కుని తిరుగుతారా? మీరది వేసుకుని ఎదురొస్తే నాకే హారను కొట్టాలనిపించేది!" అంది.

చెల్లాయికి ఇది చదివి వినిపించు. ఆ లావుపాటాయన్ని నేనే.

మీ బావ

తా.క.: ఈ ఉదయం ఆ చొక్కా వేసుకుని, మీ అక్కని రమ్మని, కారు తీశాను. మలుపు మలుపులోనూ ఆపి చూశాను. చప్పుడు లేదు. మీ అక్క వెనకాల నడిచి వచ్చింది.