మైకులో మా పేర్లు

జనవరి 24, శనివారం, పొద్దున్న

లేవగానే ఒక ఆశ్చర్యం. త్రినాథ్ ఫోన్‌లో మ్యాప్ చూపించాడు. పలాసలో మా అద్దె గది నుంచి టెక్కలి, నౌపడ, అక్కడి నుంచి సముద్రం వెంట పైకి, చివర డొంకూరులో వాళ్ల ఇల్లు. పెళ్లయ్యాక మా మొదటి సైకిల్ టూర్. మధ్యలో ఒక ఎర్ర గుర్తు ఉంది. అది ఉద్దానంలో మా ఊరు. రేపు రథసప్తమి, అక్కడ భజన ఉత్సవం. పాడేది మా నాన్న.

త్రినాథ్‌ని పెళ్లి చేసుకున్నానని ఏడాదిగా నాన్న నా పేరు పలకలేదు. మాది కొబ్బరి, జీడి తోటల ఇల్లు. త్రినాథ్ వాళ్లది సముద్రం మీద చేపల వేట. ఎప్పుడైనా అడగాల్సి వస్తే నాన్న "ఆ పిల్ల ఎలాగుంది" అని అమ్మను అడుగుతాడట.

వద్దన్నాను. పాట వినడానికి వెళ్తున్నాం, పోట్లాటకి కాదు అన్నాడు త్రినాథ్.

సాయంత్రం, నౌపడ

నాది తొమ్మిదో తరగతిలో బడిలో ఇచ్చిన సైకిల్. వెనక టైరు టెక్కలి చేరకుండానే కూలబడింది. త్రినాథ్ పంపు తీసి, "నీ టైరుది మీ నాన్న అలకే. ఎంత గాలి కొట్టినా తీరదు" అన్నాడు. నాకు కోపం రాలేదు. నిజమే కదా.

టీ కొట్టు దగ్గర ఒకావిడ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "కొత్త పెళ్లోలు బండి మీద తిరుగుతారు గానీ, ఈ సైకిళ్లేటమ్మా" అంది. తను ఉప్పు మడుల్లో పని చేస్తుందట. ఉప్పు మడి. మడి అంటే వరిదే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎం.ఏ. తెలుగు చదువుతూ ఈ మాట తెలియదు నాకు.

టెక్కలిలో ఒక ఎర్రంచు తువ్వాలు కొన్నాను. ఎందుకో త్రినాథ్‌కి చెప్పలేదు. మా వైపు భజనలో ఎవరు ఏం చదివించినా, ఇచ్చినవాళ్ల పేరూ ఊరూ పాడేవాడు మైకులో చెప్పాలి. నాన్న ఎప్పుడూ ఒక్క పేరు వదల్లేదు.

జనవరి 25, ఆదివారం, మధ్యాహ్నం

మా ఊరి మలుపు. కాళ్లు తొక్కుతున్నాయి, నేను కాదు.

సాయంత్రం

పందిట్లో చివర కూర్చున్నాం. నాన్న హార్మోనియం ముందు, కళ్లు మూసుకుని. గొంతు అలాగే ఉంది. పాట మధ్య ఆగినప్పుడు తువ్వాలు డోలక్ వాయించే చిరంజీవి మావ చేతికిచ్చి మా పేర్లు చెప్పాను. మావ నన్ను చూసి, నాన్న చెవిలో చెప్పాడు.

నాన్న తల ఎత్తలేదు. "డొంకూరు దంపతులు తువ్వాలు చదివించారు" అన్నాడు, మళ్లీ పాట అందుకోబోయాడు.

ముందు వరుసలోంచి నూకాలమ్మ లేచింది. నాన్నకి పిన్ని వరస. "ఒరే సన్యాసీ, ఊరందరి పేర్లూ సెప్పినోడివి. ఈలకి పేర్లు నేవేటిరా?" అని అడిగింది. కొందరు నవ్వారు. చిరంజీవి మావ డోలక్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు, వాయించకుండా. నాన్న వేలు ఒక్క మెట్టు మీదే ఉండిపోయింది. ఆ ఒక్క స్వరమే మైకులో మోగుతూ ఉంది. లేచి వెళ్లిపోదామని త్రినాథ్ చెయ్యి పట్టుకున్నాను.

"డొంకూరు త్రినాథ్ గారు" అన్నాడు నాన్న. ఆగాడు. "మా అమ్మాయి ప్రమోదిని."

వెంటనే పాట ఎత్తుకున్నాడు, శ్రుతి కాస్త పైకి పోయింది. నాన్న శ్రుతి తప్పడం నేను వినడం ఇదే మొదటిసారి.

"నాకు గారు వచ్చింది. నీకు రానేదు" అన్నాడు త్రినాథ్ నా చెవిలో. ఏడుస్తూ నవ్వాను.

రాత్రి, మా ఇంట్లో

అమ్మ అన్నం పెట్టింది. నాన్న మాకంటే ముందే తిని లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్తే నా సైకిల్ తలకిందులుగా ఉంది. వెనక టైరు నొక్కి చూశాను. రాయిలా ఉంది. అతుకు జిగురు ఇంకా వాసన వేస్తోంది.

నాన్న తన పాత సైకిల్ కూడా తుడుచుకుంటున్నాడట. బారువ దాటాక ఇసుక ఎక్కువ, ఈలకి దారి తెలీదు, డొంకూరు దాకా నేనూ వస్తానని అమ్మతో అన్నాడట.

డొంకూరంటే త్రినాథ్ పుట్టి పెరిగిన ఊరే. అయినా ఇద్దరం అమ్మకి సరేనని తల ఊపాం.

రేపు తెల్లారగానే మూడు సైకిళ్లు. ముందు నాన్న.