తల్లిగారింటి ధర

2025 జనవరి 9

నెలలో రెండో గురువారం అంగడి. నకిరేకల్. ధరలు రాసుకునే రోజు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు పట్టుకున్న పని ఇది. పదేళ్లు నిండాయి. అదే దుకాణం, అదే రకం, అదే రోజు — సర్కారు లెక్కల కోసం అడగడం, రాయడం, పైకి పంపడం. ఒక ఆడమనిషి పుస్తకం పట్టుకుని మంగలి షాపులోకి వెళ్లి కటింగు ఎంత, గడ్డం ఎంత అని అడిగితే మొదట్లో బజారంతా నవ్వులే. ఇప్పుడు నేను మెట్టెక్కక ముందే అతను రేటు చెప్పేస్తాడు. పుస్తకం పోయి ట్యాబ్ వచ్చింది. వేలు తడిపి పేజీ తిప్పే అలవాటు మాత్రం పోలేదు.

గుడ్లు పెరిగాయి. టమాటా దిగింది. జాకెట్టు కుట్టుకూలి పెరిగింది. పళ్ల పేస్టు ధర అంతే, ట్యూబు సన్నబడింది... దాన్ని పెరిగినట్టే లెక్కగట్టాలి.

చింతపండు, సైదమ్మ చిన్నమ్మ దగ్గర — కిలో వంద. పోయిన నెలా వందే.

జనవరి 13

పేపర్లో ధరల పెరుగుదల తగ్గిందని వార్త. మా ఆయన చదివి వినిపించి, గ్యాస్ బండ రసీదు తెచ్చి నా ముందు పెట్టారు. తగ్గింది ధరలు కాదు, పెరిగే వేగం అని చెప్పాను. బస్సు వేగం తగ్గినా మనిషి ముందుకే పోతాడు కదా అన్నాను. ముప్పై ఏళ్లు కండక్టరు చేసిన మనిషి, అది మాత్రం వెంటనే అర్థమైంది.

జనవరి 27

ట్యాబ్‌లో గడులు నింపుతుంటే ఒకటే గుర్తొస్తోంది. చింతపండుకు ధర ఉంటుందని నాకు పెళ్లయ్యేదాకా తెలియదు.

మర్రిగూడ వైపు మా ఊరు. బాపు చెలక గట్టున మూడు చెట్లు. మాఘం పోయాక దులపడం. పక్క చెలక సైదమ్మ చిన్నమ్మ అప్పుడు కొత్త కోడలు. అమ్మా, ఆమే, ఇంకో నలుగురూ చెట్టుకింద కూర్చుని గింజ తీసేవాళ్లు. సాయంత్రానికి ఎవరి గంపలో వాళ్లకు ఇంత. జొన్నలున్న ఇంటికి చింతపండు వెళ్లేది, చింతపండున్న ఇంటికి జొన్నలు వచ్చేవి. ఎవరూ ఎంత అని అడిగిన గుర్తు లేదు.

పెళ్లైన వారానికి అత్తమ్మ పావుకిలో చింతపండు కొనుక్కురమ్మని పైసలు చేతిలో పెడితే పరాచికం అనుకున్నాను. నవ్వాను కూడా. ఆమెకు కోపం వచ్చింది.

నీళ్లకూ ధర లేదు అప్పుడు. ఆ ఫ్లోరైడు బోరింగు నీళ్లు తాగే బాపు మోకాళ్లు పట్టేశాయి, అవ్వ నడుము వంగింది. ఇప్పుడు నా జాబితాలో నీళ్ల క్యాన్ ఒక గడి. అది నింపిన ప్రతిసారీ అవ్వ గుర్తొస్తుంది.

జనవరి 30

బాపు లేడు, అమ్మ లేదు. అన్న చెలక అమ్ముకుని పట్నం పోయి ఎన్నేళ్లో... ఇంటి జాగాలో ఎవరిదో కోళ్ల షెడ్డు. పుట్టింటి నుంచి ఒడిబియ్యం పోసే చెయ్యి లేదు నాకు. ఊరి నుంచి ఈ అంగడికి వచ్చి నన్ను బిడ్డా అని పిలిచే మనిషి చిన్నమ్మ ఒక్కతే మిగిలింది.

ఎందుకో ఈ రోజు ఇది రాసుకోవాలనిపించింది.

ఫిబ్రవరి 13

తనిఖీకి కొత్త సారు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. నాకంటే ముందే అంగట్లో ఒంటరిగా తిరిగి, తనెవరో చెప్పకుండా అయిదు సరుకులు అడిగి వచ్చాడట. నాలుగు కలిశాయి. చింతపండు కలవలేదు. నాది వంద, ఆయనది నూట నలభై.

కొత్త మనిషని ఎక్కువ చెప్పి ఉంటుంది సార్, మీరు బేరమాడి ఉండరు అన్నాను. ఆడాను మేడమ్, నూట యాభై చెప్పి పది తగ్గించింది అన్నాడు. తలెత్తలేకపోయాను. పదేళ్లలో ఒక్క గడి తప్పు రాయలేదని పొగరు నాకు. మెత్తగానే చెప్పాడు — వచ్చే నెల తన ముందే అడగాలట. అప్పుడూ కలవకపోతే ఈ అంగడి పత్రాలన్నీ అనుమానమే. ఏప్రిల్‌లో నా కాంట్రాక్టు తిరిగి రాయాలి. ఆ మాట ఆయన అనలేదు, నాకే గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 20

ట్యాబ్ లేకుండా వెళ్లాను. ఉల్లిగడ్డల బస్తాల వెనక నిలబడి చూశాను, దొంగను పట్టేదానిలా. చిట్యాల నుంచి వచ్చిన ఒకామెకు నూట నలభై. ముసలాయనకు నూట నలభై. గొర్రెల కాపరికి, చిన్నమ్మ కులపోడికే — నూట నలభై, ఒక పిడికెడు ఎక్కువ.

ముందుకు పోలేదు. ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 27

అడిగేశాను. అందరికీ నూట నలభై, నాకు వందేమిటి చిన్నమ్మా అని.

తల ఎత్తలేదు. గింజ ఏరుతూనే —

"నువ్వు అందరా?"

తరువాత ఆమే అంది.

"మీ బాపు చెట్టుకింద కూసున్నదాన్ని. ఇంటి ఆడిబిడ్డకు అంగడి రేటు చెప్తరా?"

కొనడానికి కాదు, సర్కారుకు రాయడానికి అని పదేళ్ల కిందటే చెప్పాను కదా అన్నాను. గుర్తుందట. కొన్నా రాసుకున్నా అడిగింది నువ్వే కదా అంది. ఇంటి బిడ్డకు ఆ రేటు నోటితో చెప్పడమే తప్పట. ఆ పద్ధతి నాకూ తెలుసు. మా ఊళ్లో గాజులాయన పెళ్లైన ఆడపిల్లలకు చివరి జత ఊరికే తొడిగేవాడు. కుమ్మరి లచ్చయ్య కొత్త కుండ ఇచ్చి, పైసలు తీస్తే మొహం తిప్పుకునేవాడు. పుట్టిన ఊరి మనిషి ఊరి ఆడబిడ్డకు నిండు ధర చెప్పడు. ఇది తెలిసి పెరిగినదాన్నే.

తెలియక రాశానా పదేళ్లు? నిజం ఈ పేజీకైనా చెప్పాలి. పక్క కొట్టులో ఎంత అంటున్నారో చెవిన పడుతూనే ఉండేది. సరుకు వేరేమో అనుకునేదాన్ని. అనుకోవడం హాయిగా ఉండేది.

మార్చి 1

మా ఆయనకు చెప్పాను. గంభీరంగా విని, చాయ్ గ్లాసు కింద పెట్టి —

"అయితె సైదమ్మ పదేండ్లు సర్కారుకు ఒడిబియ్యం పోసిందన్నట్టు."

నవ్వొచ్చింది. ఢిల్లీ దాకా మీ తల్లిగారింటి రేటే పోయిందట. నీ ఒక్క చింతపండుతో దేశం మునగదు, ఫికర్ చేయకు అన్నారు. మునగదు. కానీ తప్పు తప్పే. నవ్వి నవ్వి లోపలికి వెళ్లి ఏడ్చాను.

మార్చి 3

దుకాణం మార్చడానికి వీలుంది. ట్యాబ్‌లో కారణం నొక్కాలి. మూసేశారు. సరుకు లేదు. చెప్పడానికి ఒప్పుకోలేదు. అంతే, మూడు. ఒకటి నొక్కితే చిన్నమ్మ నా జాబితాలోంచి పోతుంది, కిరాణా కొట్టు సేటు వస్తాడు. ఏది నొక్కినా అబద్ధం.

ఆమె నూట నలభై అనడం పక్కన నిలబడి విని రాస్తే సరిపోతుందేమో అనుకున్నాను. కుదరదు. నేను అడగాలి, నాకు చెప్పాలి, సారు వినాలి.

మార్చి 6

అంగడి. జనం తగ్గేదాకా ఆగి, ఆమె గోనెపట్టా మీదే కూర్చున్నాను. వచ్చే వారం సారు పక్కనుంటాడు, నేను అడిగితే అందరి రేటే చెప్పు అన్నాను. నా పని పోతుందని కూడా చెప్పాను. ఒక్కసారికి నన్ను పరాయిదాన్ని అనుకో చిన్నమ్మా అన్నాను.

చేతిలో గింజలు అలాగే ఉన్నాయి. నన్ను చూసింది.

"ఒకపాలి అనుకుంటె... మల్ల ఎట్ల మార్సుకోవాలె బిడ్డా?"

ఊరికే ఒక మాటే కదా అని గొణిగాను. ఆమె సరే అనలేదు, కాదనలేదు. లేచేటప్పుడు నా కొంగుకు అంటిన చింత తొక్కు దులిపింది.

మార్చి 9

చిన్నప్పుడు ఒకసారి ఆమె గంపలోంచి చింతకాయలు దొంగిలించి దొరికిపోయాను. అమ్మకు చెప్తానని బెదిరించి, ఉప్పు కారం నూరి పెట్టింది. నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. పళ్లు పులిసి రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు నోట్లో నీళ్లూరాయి, కళ్లలో కూడా.

మార్చి 13

రాయాలి.

సారు పక్కన నిలబడ్డాడు. ఎండ. చిన్నమ్మ ముందు కొత్త చింతపండు కుప్ప. నేను ట్యాబ్ తెరిచి, గొంతు సవరించుకుని, చింతపండు కిలో ఎంత అని అడిగాను. నా గొంతు నాకే ఆఫీసు గొంతులా వినపడింది.

ఆమె సారును చూడలేదు. నన్నే చూసింది. తల మీద కొంగు సవరించుకుంది, కొత్తవాళ్ల ముందు చేసినట్టు.

"నూట నలభై అమ్మా. గింజ తీసిందే. తీస్కుంటరా?"

అమ్మా అంది. తీస్కుంటరా అంది. నా యాభై ఏడేళ్లలో ఆమె నోట నాకు ఆ మాట ఎప్పుడూ రాలేదు.

సరిపోయింది మేడమ్, థ్యాంక్స్ అన్నాడు సారు. ఆయన తప్పేం లేదు. గడిలో నూట నలభై కొట్టగానే ఎర్రగా ప్రశ్న వచ్చింది — ఒక్క నెలలో ఇంత పెరగడానికి కారణం? కొత్త పంట దిగిన నెల. అందరికీ రేపోమాపో తగ్గుతుంది, నా గడిలోనే పెరిగింది. సారు చూస్తున్నాడు. "మార్కెట్ ధర పెరిగింది" నొక్కాను.

మార్చి 14

మా ఆయన ఊరడించాలని చూశారు. ముసలామె నాటకం బాగా ఆడింది, చింత చచ్చినా పులుపు చావదు అన్నారు. నాటకం కాదు. నేను చూశాను కదా ఆ మొహం.

మార్చి 20

అంగడికి పోలేదు. మోకాలు నొప్పి అని చెప్పాను. నొప్పి లేదు.

మార్చి 29

రేపు ఉగాది. డబ్బాలో చింతపండు లేదు. పచ్చడికి కొత్తది కావాలి. కిరాణా కొట్టుకు వెళ్లి ప్యాకెట్టు తెచ్చాను, పైన ధర అచ్చువేసి ఉంది. సేటు ఎవరికైనా అదే తీసుకుంటాడు. పేచీ లేదు, మాట లేదు. రంగు బాగానే ఉంది. పులుపు తక్కువ.

ఏప్రిల్ 2

కాంట్రాక్టు కాగితం వచ్చింది. ఇంకో ఏడాది. ఆయన మైసూర్‌పాక్ తెచ్చారు. సంతోషంగానే ఉంది. సంతోషంగా లేదని రాస్తే అబద్ధం. ఈ వయసులో నా పేరు మీద వచ్చే జీతం ఇదొక్కటే, ఇది పోతుందని నెలన్నర నిద్ర లేదు.

దీని కోసం నన్ను పరాయిదాన్ని అనుకోమని అడిగానని కూడా రాస్తున్నాను, మరిచిపోకుండా.

ఏప్రిల్ 10

రెండో అంగడి. నేనొక్కదాన్నే. దారంతా అనుకుంటూ వెళ్లాను — చిన్నమ్మా, ఆ రోజు బాగా చెప్పావు, గండం గడిచింది, ఇక మామూలుగానే చెప్పు, సరైనది నేను వేరే దగ్గర అడిగి రాసుకుంటాను. దుకాణం మార్చడానికి సారును ఒప్పించుకుంటాను. ఇవన్నీ వరస పెట్టుకున్నాను.

దూరం నుంచే చూసింది. పట్టా మీద జాగా చేయలేదు. నేను నోరు తెరవక ముందే —

"నూట ముప్పై అమ్మా."

"సారు రాలేదు చిన్నమ్మా. నేనే."

"ఎరుకే."

తక్కెడలో రాళ్లు సర్దుతోంది. కోపం లేదు మొహంలో. కోపం ఉంటే బాగుండేది, బతిమాలుకునేదాన్ని. నెలకో తీరు చెప్పడం తనకు రాదట. నీ కొలువు సల్లగుండాలె అంది. నా వెనక ఎవరో ఒకామె వచ్చి నిలబడింది, ఆమెకు తూకం వేయడం మొదలుపెట్టింది.

నూట ముప్పై కొట్టాను. పోయిన నెల కంటే పది తక్కువ. ట్యాబ్‌లో పచ్చగా బాణం గుర్తు, కిందికి.

ఏప్రిల్ 11

వచ్చే అంగడికి ట్యాబ్ ఇంట్లో పెట్టి పోవాలి. ధర అడగను. ఊరికే వెళ్లి ఆమె ముందు నిలబడతాను.

నన్ను ఏమని పిలుస్తుందో...