పళ్లు లేనివాళ్లకు మాఫీ

కరీంనగర్,
సోమవారం.

సక్కుబాయి అత్తకు, నీ మేనకోడలు నర్మద రెండు చేతులూ జోడించి, సంతోషం ఆపుకోలేక రాస్తున్నది.

నాకు ఉద్యోగం వచ్చింది! ‘తెల్లముత్యం’ పళ్లపొడి కంపెనీలో మార్కెటింగ్ ట్రైనీని. మూడు నెలలు చూస్తారట. ఈలోగా ఒక కొత్త ఊళ్లో మా సరుకు నిలబెట్టి చూపిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే బ్యాగు సర్దుకొని మందమర్రి బస్సు ఎక్కాలి. బాపు అప్పుడే కాలనీ అంతా మిఠాయి పంచేశాడు. ఇప్పుడు ఆ బస్సు ఎక్కే ముఖం నాకు లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకోకు. మీ ఊళ్లో సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు ఎక్కాలి, నీ మోకాళ్లకు అది మంచిది కాదు. పైగా మా శ్రీహరి సారు మొదటిరోజే చెప్పాడు: “రాసుడు రానోళ్లకు మార్కెటింగ్ రాదు. ఎవరికన్న ఉత్తరాలు రాయి. చదివెటోళ్లకు నిద్ర రావద్దు.” నిద్ర వస్తే దాచకుండా చెప్పు.

రెండో విద్య వినడం. కస్టమర్ మాట్లాడుతుంటే అడ్డు రాకూడదట. నిన్న ఒక కిరాణా సేటు ముందు నోరు మూసుకొని కూర్చున్నాను. ఆయన తన నడుము నొప్పి, అల్లుడి వేషాలు, పక్క దుకాణం వాడి దొంగ తూకం అన్నీ చెప్పాడు. “మంచి పిల్లవు బిడ్డా” అని టీ తాగించి పంపాడు. పళ్లపొడి మాత్రం ఒక్క ప్యాకెట్టూ తీసుకోలేదు.

మూడోది, అమ్మబోయే మనుషులను తెలుసుకోవడం. నాకు తెలిసిన మనుషులంటే ఉట్నూర్ పక్కన మీ ఊరివాళ్లే. అంగన్‌వాడీ టీచరుగా నువ్వు ఎత్తుకోని పిల్లలు ఆ ఊళ్లో లేరు. రిటైరయ్యాక కొట్టు కూడా పెట్టావు. ఒక పెట్టె బస్సులో వేస్తున్నాను. ఊరంతటికీ ఒక్కరోజులో తెలిసేలా చూడు అత్తా.

నీ దీవెన కోసం, నీ ఆర్డరు కోసం ఎదురుచూస్తూ,
నర్మద

తా.క. ఇక్కడ అందరూ నన్ను “పళ్లపొడి పిల్ల” అంటున్నారు. అద్దంలో పళ్లు చూసుకోనిదే గడప దాటలేకపోతున్నాను.

* * *

ఉట్నూర్ దగ్గర, మన ఊరు,
శుక్రవారం.

చిరంజీవి నర్మదను అత్త సక్కుబాయి మనసారా దీవించి రాయడం ఏమంటే,

నిద్ర రాలేదు. ఆ సేటు నడుముకు మా దగ్గర మంచి నూనె ఉంది, వచ్చినప్పుడు తీసుకుపో.

పెట్టె అందింది. ఊరంతటికీ ఒక్కరోజులో తెలియాలంటే నాకు తెలిసిన దారి ఒక్కటే. డప్పు కొండల్‌ను పిలిపించాను. నేను టీచరుగా ఉన్నన్నాళ్లూ పోలియో చుక్కలకైనా, పిల్లల బరువులకైనా మా అరుగు మీది నుంచే వాడి డప్పు మోగేది. వాడు హుషారుగా వాడవాడా తిరిగి చాటాడు: “తెల్లముత్యం పండ్లపొడి వచ్చిందహో! ఇంటికొకలు సక్కుబాయి టీచరమ్మ ఇంటికాడికొచ్చి తీస్కపోవాలెనహో!”

సాయంత్రానికి పెట్టె ఖాళీ. ఒక్కరంటే ఒక్కరు బేరమాడలేదు. ప్రతి ఒక్కరూ ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటో తెచ్చి చేతిలో పెట్టారు. ఈ కాలం కంపెనీలు అన్నీ అడుగుతాయి కదా, చెప్పడం నువ్వే మరిచావనుకొని తీసుకొని బీరువాలో పెట్టాను.

ఇంకో పెట్టె పంపమంటూ,
మీ అత్త సక్కుబాయి

తా.క. మన లింగవ్వకు నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. “టీచరమ్మా, పండ్లు లేనోళ్లకు మాఫీ ఉన్నదా?” అని అడిగి, వాకిట్లోనే కూర్చుంది. మీ కంపెనీ రూలేమిటో త్వరగా రాయి.

* * *

కరీంనగర్,
మంగళవారం.

బంగారంలాంటి మా అత్తకు నర్మద నమస్కారాలు.

అత్తా, నువ్వు మామూలు మనిషివి కాదు! నీ ఉత్తరం చూపిస్తే శ్రీహరి సారు కుర్చీలోంచి లేచాడు. “మనం అడగకముందే ఆధార్ ఇచ్చిండ్రంటే ఎంత నమ్మకం!” అని ఆఫీసంతా చెప్పుకొచ్చాడు. ఆ ఆనందంలో నేను ఒక ప్లేటు మిర్చీ బజ్జీలు ఒక్కదాన్నే తిన్నాను.

ఈ వారం రెండు విద్యలు నేర్పారు. ఒకటి, తొందర పెట్టడం. “శనివారమే ఆఖరు” అంటే కొనేవాడి చేయి తొందరగా జేబులోకి పోతుందట. రెండోది, అమ్మి వదిలేయకుండా మళ్లీ పలకరించడం. ఇంటింటికీ వెళ్లి పళ్లెలా ఉన్నాయో కనుక్కోవాలి. రెండూ నువ్వే చేసిపెట్టాలి. అయిదు పెట్టెలు పంపుతున్నాను.

నేల మీద నడవలేకపోతున్న,
నర్మద

తా.క. లింగవ్వ సంగతి సారును అడిగాను. చిగుళ్లకు కూడా మంచిదే అని చెప్పమన్నాడు. మాఫీ అన్న మాటకు మాత్రం చాలాసేపు ఆలోచించాడు.

* * *

మన ఊరు,
ఆదివారం.

నర్మదకు అత్త దీవెనలు. కూర్చొని చదువు.

నువ్వు చెప్పినట్టే “శనివారం ఆఖరి తారీఖహో!” అని కొండల్ చాటాడు. నువ్వు చెప్పినట్టే నేను ఇంటింటికీ తిరిగి, “ఏదీ, పళ్లు చూపించండి” అన్నాను. మరునాడు పొద్దున తలుపు తీసేసరికి మా వాకిట్లో ఊరంతా వరుసగా నోళ్లు తెరుచుకొని నిలబడి ఉంది. దుబాయి నుంచి వచ్చిన రాజయ్య ముందుకొచ్చి, “నాకొకటి బంగారు పన్నున్నది. గది లెక్కల వస్తదా, రాదా?” అన్నాడు. నాకు ఏదో తేడాగా అనిపించింది.

మధ్యాహ్నానికి పక్క ఊరివాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. జీపులన్నీ ఆగిపోయాయి. “మా ఊరికి పండ్ల స్కీము ఎందుకు రాలే?” అని ఒకటే లొల్లి.

అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. ఇన్నేళ్లూ నా అరుగు మీది నుంచి కొండల్ ఏది చాటినా అది సర్కారు మాటే. ఇదీ అంతే అనుకున్నారు. ఈ పొడితో తోముకోనివాళ్లకు పింఛను ఆగిపోతుందని ఎవరో అన్నారట. ఆ భయంతో కొందరు రెండేసి ప్యాకెట్లు కొన్నారు. నేను కాదంటుంటే, “పైనించి జెప్పొద్దన్నరా టీచరమ్మా?” అని నన్నే ఓదారుస్తున్నారు. నాకు తిండి సయించడం లేదు బిడ్డా.

పరేషాన్‌లో ఉన్న,
మీ అత్త

తా.క. లింగవ్వ జైనూరు నుంచి తన చెల్లెల్ని పిలిపించింది. “గీమె పండ్లు నా పేరు మీద రాస్కోండ్రి” అంటోంది. చెల్లెలి పళ్లు మాత్రం బాగున్నాయి.

* * *

కరీంనగర్,
గురువారం.

అత్తకు నర్మద నమస్కారాలు.

చదువుతూ ముందు నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. ముసలివాళ్లు పింఛను పోతుందని భయపడి నా సరుకు కొన్నారు. ఆ గొప్ప చెప్పుకొని నేను మిర్చీలు తిన్నాను.

శ్రీహరి సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. “అమ్ముడువోతున్నది గద, గమ్మునుండు. ఇంక నాలుగూళ్లల్ల డప్పు కొట్టిపియ్యి” అన్నాడు. “భయపడి కొన్నోళ్లు కస్టమర్లు గారు సార్. నేను పోయి నిజం చెప్పొస్త” అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. “పో. నీ నౌకరీ సంగతి గూడ నువ్వే చూస్కో” అన్నాడు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. కొండల్‌ను ఉండమను. ఈసారి నేనే చెబుతాను.

ధైర్యం ఉన్నట్టు నటిస్తున్న,
నర్మద

తా.క. బాపుకు ఇప్పుడే చెప్పకు. చెప్పక తప్పకపోతే ముందు కడుపునిండా అన్నం పెట్టించి చెప్పు.

* * *

మన ఊరు,
మంగళవారం.

నా తల్లి నర్మదకు, అత్త కళ్లు తుడుచుకొని, నవ్వుకుంటూ రాస్తున్నది.

ఆదివారం నువ్వు కొండల్ పక్కన నడుస్తూ, “ఇది సర్కారుది గాదు. ఎవ్వరి పింఛనూ ఆగది. వద్దన్నోళ్లు వాపస్ ఇయ్యండ్రి, పైసలిస్త” అని గొంతు పోయేదాకా చెప్పావు. చీకటి పడేలోపు ప్యాకెట్లన్నీ మా అరుగు మీదికి తిరిగొచ్చాయి. ఆధార్ జిరాక్సులు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాం. సాయంత్రం బస్సెక్కుతూ ముఖం అటు తిప్పుకున్నావు, కానీ నేను చూశాను. ఆ రాత్రి ఆ పెట్టెల వంక చూడబుద్ధి కాలేదు.

నిన్న మీ శ్రీహరి సారు సరుకు తీసుకుపోవడానికి జీపులో దిగాడు. ముఖం ఇంత పొడుగు చేసుకొని పెట్టెలు ఎక్కిస్తుంటే ఊరివాళ్లు చుట్టూ చేరారు. “గా పిల్లేది?” అని అడిగారు. రాజయ్య అందుకున్నాడు: “గీ ఊరికి శానా జీపులచ్చినయి సారూ. మిక్సీలమ్మినోడు, పరుపులమ్మినోడు మల్ల మొకం జూపియ్యలే. పైసలు వాపస్ ఇస్తనని డప్పు గొట్టిపిచ్చినోళ్లను గిప్పుడే జూసినం. గా పిల్ల అమ్మితే కొంటం.”

“నేనమ్మితే?” అన్నాడు మీ సారు.

“నువ్వెవ్వలో మాకెర్కలేదు బిడ్డా,” అంది లింగవ్వ.

ఆయన ఎక్కించిన పెట్టెలన్నీ మళ్లీ తనే దించాడు. ఈసారి జనం బేరమాడారు, వాసన చూశారు, వేలితో రుద్ది చూశారు. కొన్నవాళ్లు సగం మందే. కానీ ఇష్టపడి కొన్నారు. పక్క ఊరివాళ్లు కూడా నువ్వెప్పుడొస్తావని కబురు పంపారు. లింగవ్వ రెండు ప్యాకెట్లు తీసుకుంటే మీ సారు ఉండబట్టలేక, “నీకు పండ్లే లేకపాయె గదవ్వా?” అన్నాడు. “నాకు లేవు. మా కోడలుకున్నయి. నోరు గూడ ఉన్నది,” అంది.

నీ ఉద్యోగం ఖాయం చేశాడు నర్మదా. మూడు నెలలు ఆగేది లేదట, ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నీకేనట. “మేం నేర్పిన విద్యలల్ల గిదొక్కటి లేకుండె అక్కా” అని తల వంచుకొని అన్నాడు. కొండల్‌ను వాటర్ ట్యాంకు ఎక్కించి అన్నయ్యకు ఫోన్ చేయించాను. అన్నయ్య మళ్లీ మిఠాయి కొనడానికి పోయాడట. నాకైతే ఈ వాకిలి పట్టనంత గర్వంగా ఉంది.

నీ గెలుపు చూసి ఒళ్లు మరిచిన,
మీ అత్త సక్కుబాయి

తా.క. జీపు టైరు పంక్చరై మీ సారు నిన్న మా ఇంట్లోనే పడుకున్నాడు. తెల్లవారి చూస్తే పెరట్లో వేపపుల్ల విరుచుకొని తీరిగ్గా పళ్లు తోముకుంటున్నాడు. “చిన్నప్పటి అలవాటక్కా, కంపెనీల ఎవ్వలకూ చెప్పకు” అని బతిమాలాడు. నేనెవరికీ చెప్పను. ఫోటో మాత్రం తీసి పెట్టాను. ఇక నీ నౌకరీకి ఏం ఫికర్ లేదు.