చింతపండుతో తోమిన కడియం

హెర్న్‌డన్.

చిరంజీవి హంసికకి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. క్షేమమన్న మాటకి ప్రస్తుతం అంతవరకే అర్థం. మీ నోవై ఊళ్ళో మంచు ఎక్కువట, కారు నెమ్మదిగా నడుపు. నీకు తెలుగు నేర్పింది నేనే కనుక ఉత్తరం అర్థం కాలేదని తప్పించుకోలేవు.

అమ్మ ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోందేమని అడిగావు. మీ అన్న పోయినప్పటి నుంచీ అది ఇల్లు కడుగుతూనే ఉంది. వాడి దుప్పట్లు, చొక్కాలు అన్నీ ఉతికి డొనేట్ చేసేసింది. వాడి పేరు మాత్రం ఎత్తదు.

పక్కింట్లోకి సీతా గారని ఒకావిడ వచ్చారు. పేరు విని తెలుగువాళ్ళే అనుకున్నాను, చూస్తే ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ ఆవిడ. చేతికి నల్లబడిన కంచు కడియం, దాని మీద ఊసరవెల్లి. మనకది తిట్టు, వాళ్ళకి పెద్దమనిషి. నేల ఇంకా గట్టిపడని రోజుల్లో మొదట అడుగుపెట్టింది అదేనట, అందుకే ఇప్పటికీ ఆచితూచి నడుస్తుందట. మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన చోట కంచు పోస్తారు. మట్టిని పగలగొడితే గానీ కడియం బయటికి రాదు, అందుకని ఒకదానిలాంటిది ఇంకోటి ఉండదు. మన దేవుడి విగ్రహాలూ అంతేనని నేను మొదలెట్టాను. ఆవిడ పాపం చాలాసేపు విన్నారు. సరే, అసలు సంగతికి వస్తాను.

ఆవిడకీ ఒక కూతురు పోయింది. “మీ అమ్మాయి రేణు కాళ్ళ కింద నేల ఇప్పుడు మెత్తగా ఉంది. కొన్నాళ్ళు ఇది వేసుకోమనండి” అని కడియం తీసి ఇచ్చారు. మీ అమ్మ ఏం చేసిందంటావు? ఇంత నల్లగా వేసుకుంటే ఇచ్చినావిడకి మర్యాద కాదని, చింతపండూ ఉప్పూ పెట్టి బంగారంలా తోమేసింది.

మర్నాడు సీతా గారు చూసి, ఊసరవెల్లి వీపు మీద బొటనవేలితో రాశారు. “ఆ నలుపు మా అమ్మ చేతి చెమట. తర్వాత నాది. నా బిడ్డది” అన్నారు.

మీ అమ్మ తెల్లబోయి కడియం తీయబోయింది. ఆవిడ మళ్ళీ మీ అమ్మ చేతికే తోసి, “నల్లబడుతుందిలే. ఈసారి నీ చెమటతో” అన్నారు.

అప్పుడు మీ అమ్మ నావైపు తిరిగింది. “ఈషాన్ చొక్కాలు కూడా ఇలాగే ఉతికేశాను నాన్నా. ఒక్కటీ ఉంచుకోలేదు.”

వాడి పేరు ఎత్తడం అదే మొదలు.

ఇంతసేపూ అటూ ఇటూ తిరిగింది ఈ మాట చెప్పలేకే. ఒకటి ఉందమ్మా. వాషింగ్ మెషీన్ దగ్గర్నుంచి నేనే తీసేశాను. బూడిదరంగు చొక్కా, కాలరు మాసే ఉంది. నా సూట్‌కేసులో పంచెల కింద దాచాను. ఆ పూటే ఇద్దామని బయటికి తీసి, మళ్ళీ పెట్టేశాను. ఒక్కణ్ణే ఇవ్వలేను. ఈ శనివారం రా, ఇద్దరం కలిసి ఇద్దాం.

మడత కూడా పెట్టలేదు. వాడు ఎలా విడిచాడో అలాగే ఉంది.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
తాతయ్య విశ్వనాథం