నువ్వు చెప్పిన మదర్‌బోర్డు

ప్రియమైన బావా,

(ప్రియమైన అని అలవాటుకొద్దీ పడింది. కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని వదిలేశాను.)

అసలు ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీశాను, మళ్లీ సొరుగులో పెట్టేశాను, నీలాంటివాడికి సిరా దండగ అనుకున్నాను. కానీ ఫోన్‌లో అయితే సరిగ్గా నాకు కోపం వచ్చే సమయానికి నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు. కూర్చుని చదువు.

నీ చెల్లెలు మీ ఇంటికి వచ్చింది కదా. ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పి ఉంటుంది. అబద్ధం. నువ్వు కొనమన్న మదర్‌బోర్డు మూగదైంది కాబట్టి వచ్చింది. చూపు మసకబారి అచ్చు అక్షరాలు ఆనడం మానేశాక మా ఇంట్లో కంప్యూటరే ఆవిడకి పుస్తకాలు చదివి వినిపిస్తోందని నీకు తెలుసు. పొద్దున వంటగది సర్దుకుని ఆ మూలగదిలో కుర్చీ లాక్కుని కూర్చుంటే, ఆ యంత్రం చెప్పడం, ఈవిడ ఊ కొట్టడం. నాకు ఇన్నేళ్లలో అన్ని ఊలు కొట్టలేదు. ఫోన్‌లో విను అంటే, డబ్బాలో ఈగ దూరినట్టుంది అంటుంది.

కంప్యూటర్లో అందరిలా విండోస్ కాకుండా లినక్స్ ఎందుకు పెట్టుకున్నానని నన్ను చాలామంది అడిగారు. నాకు అదో మతం అనుకుంటారు. నేను జీవితమంతా లిఫ్టులు బాగుచేసినవాణ్ణి. మనుషులు లోపల ఉండగా లిఫ్టు తన ఇష్టప్రకారం ఆగిపోతే దాన్ని యంత్రం అనరు. అంతకుముందున్న సిస్టమ్ అదే పని చేసేది. కథలో తండ్రి చావుబతుకుల్లో ఉండి కూతురితో ఆఖరి మాట చెప్పబోతుంటే, నేను అప్‌డేట్ అవుతున్నాను, ఆపకండి అని తెర నీలంగా మారిపోయేది. వాడు ఏం చెప్పి చచ్చాడో తెలియడానికి మధ్యాహ్నం అయ్యేది. అప్పుడు నువ్వే వచ్చి లినక్స్ ఎక్కించి వెళ్లావు. ఆ ఒక్క పుణ్యం నీ ఖాతాలో ఉంది, కాదనను. అందుకేగా పాత బోర్డు మీద కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి అది చచ్చిపోయినప్పుడు, నేను ముందు నిన్నే అడిగాను!

నువ్వేమన్నావు? నీ మాటలే రాస్తున్నాను. "నా దగ్గరున్న రకం బోర్డే కొనుక్కో బావా, కళ్లు మూసుకుని తీసుకో. లినక్స్‌లో పెట్టగానే పలికింది, ఒక్క మీట కూడా నొక్కలేదు." నేను కళ్లు మూసుకునే తీసుకున్నాను. అదే పేరు, అక్షరం పొల్లుపోలేదు. బిగించాను. తెర వెలిగింది, ఇంటర్నెట్ వచ్చింది, ఫ్యాను తిరిగింది. ధ్వని లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే స్పీకరు ఉండాల్సిన చోట "డమ్మీ అవుట్‌పుట్" అని రాసి ఉంది. ఎవర్నంటోంది డమ్మీ అని? మూడు రకాల లినక్స్‌లు మార్చి మార్చి ఎక్కించాను. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కొత్తది వేశాను, పాతది వేశాను. నీకు ఫోన్ చేస్తే, "నాకు బాగానే పలుకుతోంది మరి" అన్నావు. ఆ "మరి" ఉంది చూశావూ, దాన్ని ఈ జన్మలో మరిచిపోను.

షాపువాడి దగ్గరికి పోతే వాడు విండోస్ వేసుకోండి అన్నాడు. లేదంటే బయటినుంచి గుచ్చుకునే చిన్న సౌండ్ కార్డు ఉంది, యూఎస్‌బీలో పెడితే పలుకుతుంది, కొనుక్కోండి అన్నాడు. నేను కొనను అన్నాను. నోరున్న బోర్డు అని అమ్మి, నోటికి విడిగా డబ్బులు పెట్టమంటే నేనెందుకు పెట్టాలి? ఇంటికొచ్చి అదే మాట నీ చెల్లెలికి చెప్పాను. "మీ పంతం నెగ్గేదాకా నేను గోడ చూస్తూ కూర్చోవాలా? గోడ కూడా కనబడదు నాకు" అంది.

ఇక్కడ ఒక విషయం రాయాలా వద్దా అని ఇందాకట్నుంచి పెన్ను నమిలాను. నేనే చదివి వినిపిస్తాను రా అన్నాను బావా. నిజంగానే అన్నాను. కళ్లజోడు తుడుచుకుని పుస్తకం తెరిచాను కూడా. ఆవిడ ఏమందో తెలుసా? "వద్దులెండి. మీరు చదివితే పుస్తకం ముందుకి పోదు. పడవ అని వస్తే మీరెక్కిన పడవ చెప్తారు, వాన అని వస్తే మీరు తడిసిన వాన చెప్తారు. ఆ యంత్రానికి తన కథంటూ ఏమీ లేదు, అందుకే బావుంటుంది." నవ్వుతూ అన్లేదు, కోపంగానూ అన్లేదు. కూరలో ఉప్పు ఎక్కువైంది అన్నట్టు అంది. మర్నాడు సంచీ సర్దుకుని, "అన్నయ్య దగ్గర అదే బోర్డు పలుకుతోందిట" అని బస్సెక్కింది.

కాబట్టి నేను తేల్చుకున్నది ఇది. నువ్వు చూడకుండా చూశానన్నావు, పలకకుండా పలికిందన్నావు, లేకపోతే నీ దగ్గర ఏదో కిటుకుండి నాకు చెప్పకుండా దాచుకున్నావు. ఏదైనా ఒకటే. నా బోర్డు దాని నోటితో అది పలికేదాకా నేను మీ ఇంటి గుమ్మం తొక్కను. నీ చెల్లెల్ని పిలవడానికీ రాను. ఇక్కడ నాకేం లోటు లేదు. ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది. చెప్పలేనంత ప్రశాంతంగా ఉంది.

నీ చెల్లెలి మొగుడు
(ప్రస్తుతానికి)

*

ఏమండీ,

నేను చెప్తున్నాను, అన్నయ్య రాస్తున్నాడు. మధ్యలో తన మాటలు కలపనని ఒట్టేశాడు. (కలపను. కానీ నన్ను అబద్ధాలకోరు అన్నందుకు నీ సంగతి తర్వాత చూస్తాను బావా.) చూశారా, కలిపేశాడు. మీరిద్దరూ ఒకే మట్టి.

మీ ఉత్తరం అన్నయ్య పైకి చదివాడు. పెన్ను నమిలానని రాసిన చోట వదిన నవ్వింది. నేను నవ్వలేదు. మీరు రాను అన్నారు కాబట్టి నేనూ రాను. ఇది అలక అనుకోకండి. అలగడానికి నాకు తీరిక లేదు, పుస్తకం మంచి పట్టులో ఉంది.

కానీ ఒక మాట. ఇక్కడ మొదటి రోజే నా స్పీకరు తీగ నేనే గుచ్చుకుందామని కంప్యూటరు వెనక చెయ్యి పెట్టాను. మనింట్లో కొత్త బోర్డుకి వెనకాల మూడు తూట్లుంటాయి, ఒకే వరసలో, మధ్యదాంట్లో గుచ్చమని మీరే నా వేలు పట్టుకుని చూపించారు. ఇక్కడ వేళ్లు పెడితే రెండు వరసలు తగిలాయి. అయిదు తూట్లు, వాటి పక్కన నలుచదరంగా మూతలాంటిది ఒకటి. "అన్నయ్యా, ఇది మా బోర్డు కాదు" అన్నాను. "అదేనే పిచ్చిమొహమా, పేరు చూడు" అన్నాడు. "పేరు నాకెక్కడ కనబడుతుందీ, తూట్లు తెలుస్తున్నాయి" అన్నాను. "నీకు అలవాటు లేక" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ మీరు, ఇక్కడ అన్నయ్య, ఇద్దరూ పేరు చూసి కొట్టుకుంటున్నారు గానీ వస్తువు మీద చెయ్యి వేసినవాళ్లు ఒక్కళ్లూ లేరు. నేను అరిచాను. ఇంటాయన అద్దెకున్నవాళ్లమీద అరిచినట్టు అరిచాను. అప్పుడు మూత విప్పి, భూతద్దం పెట్టి చూశాడు.

(బావా, ఇక్కడ నేను రాయక తప్పదు. బోర్డు అంచున, పేరు కింద, చీమకాలంత అక్షరాల్లో రెవిజన్ ఒకటి అని ఉంది, అంటే ఆ పేరుతో మొదట చేసిన రకమన్నమాట. సౌండ్ చిప్పు పేరు కూడా రాసి పంపుతున్నాను. నీది విప్పి చూడు.)

చూసి ఏముందో చెప్పండి. చూడకుండా మాత్రం మళ్లీ ఉత్తరం రాయకండి.

ఉంటాను,
మీ ఇంటావిడ

*

బావా,

ఈసారి ప్రియమైన అని మనస్ఫూర్తిగా రాద్దామనుకున్నాను. కానీ ఇంకా చెయ్యి రావడం లేదు. నీమీద కోపం పోయింది గానీ, అది వేరేవాళ్ల మీదికి వెళ్లి అక్కడ బాగా బలిసింది.

విప్పి చూశాను. టార్చి పట్టుకుని, మంచం కింద పడ్డ నాణెం వెతికినట్టు వెతికాను. రెవిజన్ మూడు. సౌండ్ చిప్పు వేరే. దాన్ని ఏ కెర్నలూ ఇంకా గుర్తుపట్టడం లేదు. పేరదే, అట్టపెట్టె అదే, ధరా అదే. పైగా పెట్టె మీద బొమ్మలో అయిదు తూట్లున్నాయి! అయిదు! ఆ పెట్టెని నేను బల్ల మీద ఎదురుగా పెట్టుకుని కూర్చుని నీకు అన్ని తిట్లు రాశాను. పెట్టె అడుగున, దేవుడికి కూడా కనబడనంత సన్నగా, ముందు చెప్పకుండా మార్పులు చేయవచ్చు అని వేశారు. ముందు చెప్పకుండా! నేను లిఫ్టుకి మోటారు మార్చి, బయట పాత పేరు రేకే తగిలించి, ముందు చెప్పకుండా మార్చితిని అని లోపలి గోడకి రాసుంటే నన్ను ఊరుకునేవారా?

పెట్టె చంకలో పెట్టుకుని షాపుకి వెళ్లాను. షాపువాడు బొమ్మ చూశాడు, బోర్డు చూశాడు. "పేరు ఒకటే కదండీ పెద్దాయనా" అన్నాడు.

"నీ పేరూ మీ తాత పేరూ ఒకటే అనుకో, మీ తాత బదులు నువ్వు పోతావా?" అన్నాను.

"కంపెనీవాడు లోపల ఏం మారుస్తాడో మాకేం తెలుస్తుంది? మీరు తప్ప ఎవరూ అడగలేదు. అందరూ విండోస్ వేసుకుంటారు, వాళ్లకి పలుకుతోంది."

"అయితే వెనక్కి తీసుకో."

"పెట్టె విప్పేశారు కదా."

విప్పకుండా లోపల ఏముందో చూసే విద్య ఎక్కడైనా నేర్పుతారేమో కనుక్కోమన్నాను. కంపెనీకి కూడా రాశాను. మా వస్తువు లినక్స్ కోసం పరీక్షించబడలేదు, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని జవాబిచ్చారు. నా ఆసక్తి! మనిషన్నవాడు రాసి ఉంటే ఆ మాట వాడడు. లినక్స్ వాడేవాళ్లు రాసుకునే చోట ఆ బోర్డు పేరు కింద పెద్దక్షరాలతో రాసి పెట్టాను: కొనేముందు పేరు కాదు, వెనక తూట్లు లెక్కపెట్టుకోండి, అయిదుంటేనే తీసుకోండి అని. కనిపెట్టింది ఎవరో కూడా రాశాను. ఎవరో ముక్కూమొహం తెలియనాయన, ఆ చిప్పుని గుర్తుపట్టే ప్రోగ్రాం రాస్తున్నాం, కొన్ని నెలలు పట్టొచ్చు అని ఓపిగ్గా జవాబు రాశాడు. డబ్బు తీసుకున్నవాడికి లేని ఓపిక అది.

సరే. నేనన్నది నిజమైంది, తప్పు నాది కాదు. ఆ ఊపులో మీ ఇంటికి ఫోన్ చేశాను, నీకు తెలుసుగా, నువ్వే తీసి ఆవిడకిచ్చావు.

"నేను చెప్పలా! బోర్డే వేరు! తప్పు వాళ్లది!" అన్నాను.

"మంచిది. ఇప్పుడు పలుకుతోందా?" అంది.

"లేదు."

"మరి నెగ్గి ఏం చేస్తున్నారు?"

అంతే, ఫోన్ పెట్టేసింది. నేను మూలగదిలోకి వెళ్లి ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. నెగ్గినవాడు కూర్చోవాల్సిన చోటు కాదది. పక్కింటివాళ్ల కుళాయి చుక్కలు పడడం కూడా వినబడుతోంది. చిప్పుకి ఎప్పుడో కొన్ని నెలలకి నోరొస్తుంది, అప్పటిదాకా ఈ కుళాయి వింటూ కూర్చునేంత గొప్పదా నా న్యాయం అనిపించింది. చొక్కా వేసుకుని మళ్లీ అదే షాపుకి వెళ్లి, వాడి మొహం చూడకుండా, ఆ బయట గుచ్చే ముక్క కొన్నాను. వేలి గోరంత ఉంది. గుచ్చగానే పలికింది బావా. ఒక్క మీట కూడా నొక్కలేదు. ఒంటిమీద జెర్రి పాకినంత చిరాకేసింది.

తర్వాతిది నీకు తెలుసు. గుమ్మం తొక్కనన్నవాణ్ణి తొక్కాను, మీ ఇంట్లో భోంచేశాను, ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చాను, నువ్వు ఒక్కసారి కూడా "మరి" అనలేదు. అందుకు నీకు దణ్ణం. నీమీద రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. కంపెనీ మీద రాసినవి ఉంచుతున్నాను. ఆవిడ ఈ పొద్దుట్నుంచి మూలగదిలో వింటోంది. రచ్చ అంతా అయ్యాక బోర్డు ఇంకా మూగదే, నేనింకా దాన్ని తిడుతూనే ఉన్నాను, తిడుతూ రాస్తున్నాను.

ఇప్పుడే లోపల్నుంచి, "గొణక్కుండా రాయలేరా?" అంది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

నీ బావ