ఖాళీ సమాధిలో అవ్వ

బుధవారం రాత్రి, కోయిలకుంట్ల

మధ్యాహ్నం అవ్వను మట్టి చేసి వచ్చాం. నాకు ఏడుపు రాలేదు. ఎవరో అన్నం పెడితే తిన్నాను. ఏం కూరో గుర్తు లేదు.

చర్చి సమాధుల తోటలో ఇక చోటు లేదు. పొద్దున సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు.

"మీ దేవదానం తాత సమాధి ఖాళీగానే ఉండాది కదప్పా. దాన్నే తవ్విద్దామా?"

నిజమే, అందులో ఎవరూ లేరు. దేవదానం తాత అవ్వకు అన్న. యుద్ధంలో బాంబులేసే విమానంలో, పైలట్టు వెనక తుపాకీ పట్టుకుని కూర్చునేవాడట. జపానువాళ్లు పట్టుకున్న బర్మా మీద ఆ విమానాన్ని కూల్చేశారు. ఇద్దరూ దొరకలేదు. ఇక్కడ ఉత్త నేల మీద సమాధి కట్టి, తాత పేరు చెక్కించారు.

ఏటా సమాధుల పండగకు అవ్వ దానికి సున్నం కొట్టి, రెండు కొవ్వొత్తులు వెలిగించేది. రెండోది ఎవరికని చిన్నప్పుడు అడిగాను.

"విమానం నడిపిన పిల్లోనికి. వానికి యాడ, ఎవరు పెడ్తాండారో ఏమో."

వాడి పేరు కూడా ఆమెకు తెలియదు.

సంఘపెద్దతో తవ్వమన్నాను. నల్లమట్టి తప్ప ఏమీ రాలేదు. రాదని తెలుసు, అయినా గుంత అంచున నిలబడి చూస్తూనే ఉన్నాను. పలక మీద తాత పేరు ఉంచాలా, తీయాలా అని అడిగారు. పలక మీద పడిన మట్టి తుడిచాను.

అందరూ వెళ్లాక కొవ్వొత్తులు వెలిగించాను. తాతకు ఒకటి, పైలట్టుకు ఒకటి.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. అవ్వకు వెలిగించలేదు.